మొదటి బంతిలో మా ఆవిడ

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. లోపలికి మాత్రం వెళ్ళలేదు. ఏడు పూర్తిచేసి, ఎనిమిది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఎందుకైనా మంచిదని మళ్ళీ తొడుక్కుని ఇంటికొచ్చేశాను. ఇప్పుడు రాజమండ్రిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు నాది. నా చేతి చలవ వల్ల వీధిలో వాళ్ళ మిక్సీలన్నీ తిరుగుతాయి. మా ఇంట్లోది మాత్రం నెత్తిన గట్టిగా ఒకటి ఇస్తే గాని తిరగదు.

ఇంతటి పనిమంతుణ్ణి గనకే మొన్న ఉగాదికి మా ఆవిడకి ఒక మాట ఇచ్చాను.

రామచంద్రపురం నుంచి మా ఆవిడ అక్కగారూ, వాళ్ళాయనా పండక్కి వస్తున్నారు. ఆ అక్కచెల్లెళ్ళు కలిసేదే అరుదు. కలిసినా ఎవరింట్లో ఉంటే వాళ్ళు వడ్డించాలి, రెండోవాళ్ళు తినాలి. మా వైపు మర్యాద అలాంటిది. ఇంటావిడది ఎప్పుడూ ఆఖరి బంతే. అందరూ తిని, చేతులు కడుక్కుని, కునుకు తీస్తుంటే ఆవిడ అడుగంటిన గిన్నెకి కబుర్లు చెప్పుకుంటూ తింటుంది.

"నాకు చీరా వద్దు, ఏమీ వద్దండీ," అంది మా ఆవిడ పండగకి ముందు. "పెళ్ళయ్యాక మా అక్క పక్కన ఆకు వేసుకుని మొదటి బంతిలో ఒక్కసారీ కూర్చోలేదు. ఈసారి కూర్చోవాలనుంది."

నా వంక చూడకుండా, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పింది. మా ఆవిడ నన్ను చూడకుండా ఏదైనా అడిగిందంటే అది నిజంగా కావాలని అర్థం. మిగతావన్నీ కళ్ళెర్రజేసే అడుగుతుంది.

"ఓస్, అంతేనా! వంటంతా నాది. హడావుడే ఉండదు. రైతుబజారుకెళ్ళి తాజాగా నాలుగు రకాలు తెస్తాను, కబుర్లాడుకుంటూ వండేస్తాను. నువ్వు వంటింట్లో అడుగుపెడితే ఒట్టు!" అన్నాను.

పండగనాడు పొద్దున్నే రైతుబజారుకి వెళ్ళాను. వేపపువ్వు, మామిడికాయలు, అరిటాకులు తీసుకుని పనసకాయల దగ్గర ఆగాను. అక్కడొకావిడ పెద్ద కత్తితో కాయల్ని టకటకా సన్నగా కొట్టి, ఆ పొట్టు కవర్లలో కట్టి ఇస్తోంది. ఊరంతా వరసలో నిలబడి అదే తీసుకుంటోంది. ఊరంతా చేసే పని నేను చేస్తే నా గొప్పేముంది?

"నాకు కాయే ఇవ్వమ్మా. అప్పటికప్పుడు కొడితే ఆ రుచే వేరు."

ఆవిడ నా చేతుల వంక చూసింది. "ఇంటి దగ్గర ఎవరు కొడతారండి?"

"నేనే."

"పండగపూట ఎందుకండీ బాబూ, హాయిగా ఉండక!" అంది. కాయ మాత్రం ఇచ్చింది.

ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారాండి?" అన్నాడు.

పనసకాయ ముట్టుకునే ముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకోవాలి. గోదావరి జిల్లాలో పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. నాకూ తెలుసు. తెల్లటి పాలు బొటబొటా కారడం మొదలయ్యాక తెలిసింది. కత్తి చేతికి అంటుకుంది. చెయ్యి కాయకి అంటుకుంది. నూనె సీసా మూత తీద్దామంటే సీసా వచ్చి రెండో చేతికి అంటుకుంది. నేనలా పెరట్లో సీసాతో, కాయతో ఒక కుటుంబంలా కూర్చుని ఉండగా చుట్టాలు దిగారు.

మా తోడల్లుడుగారు నన్ను నాలుగు పక్కలా తిరిగి చూశారు. "ఏమయ్యా తమ్ముడూ, నువ్వు కాయని పట్టుకున్నావా, కాయ నిన్ను పట్టుకుందా?"

నేను జవాబు చెప్పేలోపు మా ఆవిడ కొంగు నడుముకి దోపింది. ఆ కొంగు దోపిందంటే ఇక ఆఖరి బంతే.

"నువ్వు కూర్చో!" అన్నాను.

"నేను చూస్తాలేవే, నువ్వు కూర్చో," అంది వదినగారు చెల్లెలితో.

"చుట్టంగా వచ్చి నీకు పనేంటే, నువ్వు కూర్చో," అంది మా ఆవిడ.

"అన్నయ్యగారూ, ముందు మీరు కూర్చోండి," అన్నాను నేను.

"నువ్వు లేస్తే గదా నేను కూర్చునేది!" అన్నారాయన.

కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనే వాళ్ళే గాని కూర్చునేవాళ్ళు లేరు. చివరికి మా తోడల్లుడుగారు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, చేతులకి నూనె రాసుకుని నన్ను కాయ నుంచి విడదీశారు. "అక్కచెల్లెళ్ళిద్దరూ వరండాలోకి నడవండి. ఇవాళ వంటిల్లు మాది."

నడిచారు. కానీ నోళ్ళు వంటింట్లోనే వదిలి వెళ్ళారు.

"పప్పు అడుగంటుతోంది చూడండీ!"

"మరిదిగారూ, ఆవముద్ద పొయ్యి మీద ఉండగా వేయకండి, చేదెక్కుతుంది! దించాక కలపండి!"

మా ఆవిడ ముక్కు ఇంత పదునని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

ఎట్టకేలకు అరిటాకులు వేశాం. అక్క పక్కన చెల్లెలు కూర్చుంది. కూర్చుందో లేదో, "అయ్యో నెయ్యి!" అని లేవబోయింది. మా తోడల్లుడుగారు గరిటె అడ్డం పెట్టారు.

"మరదలు పిల్లా, బంతిలో కూర్చున్న మనిషి మధ్యలో లేవకూడదు. లేపకూడదు కూడాను. పెద్దవాణ్ణి, చెబుతున్నాను."

కూర్చుంది. అక్క తన ఆకులోని పప్పులోంచి మామిడికాయ టెంక తీసి చెల్లెలి ఆకులో వేసింది. చెల్లెలు చిన్నపిల్లలా చీకుతోంది. నేను గబుక్కున కూర గిన్నె అందుకున్నాను.

"ఇది పొట్టు కాదండీ మరిదిగారూ, కంకర. రోడ్డేసుకోవచ్చు," అంది వదినగారు.

"అలాగైతే ఇంకో గరిటె వేయించుకోండి, గుంటలు పూడతాయి."

మా ఆవిడ వద్దు వద్దంటూ రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టింది. ఇన్నేళ్ళుగా నేనూ అలాగే పెడితే, వేళ్ళ సందుల్లోంచి వడ్డించింది గదా! నేనూ అలాగే వడ్డించాను.

సాయంత్రం వాళ్ళని బస్సెక్కించి వచ్చి వంటింట్లోకి తొంగిచూశాను. కుళాయికి పనస జిగురు, ఫ్రిజ్ తలుపుకి జిగురు, లైటు స్విచ్చికి జిగురు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ సింకులో ఒకదాని మీదొకటి ఎక్కి నన్నే చూస్తున్నాయి. మా ఆవిడ వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"చూశావా? మాటంటే మాటే!" అన్నాను మీసం మీద చెయ్యి వేసి. అదీ అంటుకుంది. "మొదటి బంతిలో కూర్చోబెట్టానా లేదా? ఇక లేచి ఆ గిన్నెల సంగతి కాస్త చూడు."

ఆవిడ కదల్లేదు.

"అదేంటండీ, బంతిలో కూర్చున్న మనిషిని లేపకూడదని బావగారు చెప్పలేదూ? నేనింకా బంతిలోంచి లేవలేదుగా!"