పులుపు చచ్చిన నీళ్ళు

అతన్ని అందరూ చుక్కలాయన అంటారు. చొక్కా జేబులో రెండు చిన్న సీసాలుంటాయి. ఈతకొలనులోని నీళ్ళు గాజుగొట్టాల్లో పట్టి, సీసాల్లోంచి చుక్కలు వేసి రంగు చూస్తాడు. ఆ పేరు విని తాగుబోతనుకుని పని ఇవ్వనివాళ్ళూ ఉన్నారు. అతను చుక్క ముట్టడు. ఈతా రాదు. ఈ పనిలో ఉన్న ఇరవయ్యారేళ్ళలో మోకాళ్ళ లోతు దాటి దిగలేదు.

ఒకప్పుడు పదకొండు ఇళ్ళు. మిగతావాళ్ళు కొలనులు శుభ్రం చేసే కంపెనీలకు పని ఇచ్చుకున్నారు. ఇప్పుడు ఒకటే మిగిలింది, లాయరుగారిది.

ఆ వేసవిలో లాయరుగారి కొలను పాచిరంగుకు తిరిగింది. ఆయన మెట్ల మీద నిలబడి గద్దించారు.

"క్లోరిన్ వేస్తున్నావా, ఇంటికి పట్టుకుపోతున్నావా?"

"వేస్తూనే ఉన్నానండీ. నీళ్ళలో కావలసినదానికంటే ఎక్కువే ఉంది. పని చెయ్యడం లేదు."

"ఉండి కూడా పని చెయ్యకపోవడానికి అదేమన్నా గవర్నమెంటు ఆఫీసా?"

"నీళ్ళలో ఆమ్లం తగ్గితే అంతేనండీ. క్లోరిన్ మొద్దుబారిపోతుంది. మనం పోసే క్లోరినే ఆ ఆమ్లాన్ని ఇంకాస్త తగ్గిస్తుంది. కాస్త ఆసిడ్ పడితే..."

"ఆసిడా! నా మనవలు మునిగే నీళ్ళలోనా? ఆసిడ్ కేసులు ఎన్ని వాదించాననుకున్నావ్? ఆ మాట ఈ గేటు లోపల వినపడకూడదు. ఆదివారం పిల్లలొస్తారు. అప్పటికి కొలను అడుగు కనపడాలి. లేదంటే కంపెనీవాడొస్తాడు."

గురువారం ఆయనే ఇంకో రెండు క్యాన్ల క్లోరిన్ తెప్పించారు. చుక్కలాయన పోశాడు. నీళ్ళు ఇంకా చిక్కబడ్డాయి. ఆమ్లం చూసే గొట్టంలో ముదురు గులాబీరంగు వచ్చింది, అంటే ఆమ్లం ఇంకా తగ్గింది. తెలియనివాళ్ళకు అందమైన రంగే.

శుక్రవారం లాయరుగారు కోర్టుకు వెళ్ళాక, ఆయన తల్లి చేతికర్రతో వచ్చి గట్టు మీద కుర్చీలో కూర్చుంది. ఎనభై తొమ్మిదేళ్ళు. ఆ ఇంట్లో ఆవిడ మాట మీద అప్పీలు లేదు.

"ఏమైందోయ్ నీళ్ళకి?"

నోటిదాకా వచ్చిన మాటను మింగాడు. గేటు లోపలే ఉన్నాడు.

"పులుపు చచ్చిందండీ, పెద్దమ్మగారూ."

ఆవిడ పగలబడి నవ్వింది. "చింత చచ్చినా పులుపు చావలేదని నన్ను చూసే అంటారు. ఇక్కడ చింత బతికుండగానే పులుపు చచ్చిందా?"

"అదేనండీ."

"మరి కాస్త పులుపు వెయ్యి. చూస్తూ కూర్చుంటావేం?"

"అయ్యగారు..."

"వాడు వద్దన్నది పులుపునా?"

"పులుపు మాట రాలేదండీ."

"ఇంకేం మరి!"

షెడ్డులోంచి పాత ఆసిడ్ క్యాను తెచ్చాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. ముందు బకెట్లో నీళ్ళు, తర్వాత అందులోకి సన్నటి ధారగా ఆసిడ్. క్లోరిన్ తగిలిన బకెట్టును దగ్గరికి రానివ్వలేదు. మోటారు వేసి, లోతు వైపు గట్టు వెంట నడుస్తూ కొంచెం కొంచెంగా పోశాడు. సాయంత్రానికి ఆమ్లం గొట్టంలో రంగు గులాబీ నుంచి నారింజకు దిగింది.

శనివారం పొద్దుటికి పాచి తెల్లబారి అడుగుకు చేరింది. పైపు వేసి పీల్చేశాడు. ఆదివారం అడుగున పలకల మధ్య గీతలు కనిపించాయి. క్లోరిన్ గొట్టంలోనూ ఆమ్లం గొట్టంలోనూ రంగు సరిగా ఉంది. పిల్లలు దూకారు.

"చూశావా?" అన్నారు లాయరుగారు. "రెండు క్యాన్లు ఎక్కువ పడేసరికి ఎలా దారికొచ్చిందో! ఇన్నేళ్ళూ ఏం నేర్చుకున్నావయ్యా?"

"తమరు చెప్పాక కాదంటానా అండీ."

"ఇకనుంచి వారం వారం రెండు క్యాన్లు అదనం."

"అలాగేనండీ."

కుర్చీలోంచి పెద్దావిడ కర్ర తాటించింది.

"ఒరేయ్, క్లోరిన్‌తో పాటు పులుపు కూడా తెప్పించు."

"అదేంటమ్మా?"

"నీకెందుకురా. చుక్కలాయనకి తెలుసు."

తల్లి మాట కదా. లాయరుగారు కళ్ళజోడు పెట్టుకుని, చీటీలో క్లోరిన్ కింద రాసుకున్నారు: పులుపు, ఒక క్యాను.