తారు రోడ్డు మీద తడి గోనె

ఆ ఎండలో తారు రోడ్డు మీద నీళ్ళు చల్లాలి అన్నందుకు మా సూపర్‌వైజరు నన్ను పిచ్చిదానివన్నాడు. నలుగురి ముందూ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు అది. మా ఎండలకు తారు తెల్లబడి, పొడిబారి, సన్నగా బీటలు తీస్తుంది. గుంతలు పడకముందే దాని మీద పలచగా ఒక పూత వేస్తారు. స్లర్రీ అంటారు దాన్ని. తారు నీళ్ళు, రాతి పొడి, కాస్త సిమెంటు కలిపితే దోసెల పిండిలా జారుతుంది. పోసినప్పుడు గోధుమ రంగు, ఆరితే నలుపు. నడి రోడ్డంతా మిషను పోసుకుంటూ పోతుంది. బస్సులు ఆగే పక్క జాగాల్లో మిషను తిరగదు. అక్కడ మా ఆడవాళ్ళమే రబ్బరు పలక బిగించిన కర్రలతో నెట్టాలి. మెడ వెనక ఎండ, కాళ్ళ కింద సెగ. ఎవరి మీదైనా కోపం రావడానికి అది చాలు.

మాది కోసిగి మండలంలో ఒక పల్లె. మిరప కోతలకు గుంటూరు పోవడం మా వాళ్ళకు ఏటా ఉన్నదే. పిల్లాజెల్లాతో లారీ ఎక్కితే వీధి వీధంతా తాళాలు పడతాయి. అలా పోబట్టే నా పదో తరగతి పరీక్ష పోయింది. ఇప్పుడు నా కూతురు పదో తరగతి. ఈ రోడ్డు పని ఉన్నన్నాళ్ళు నేను ఇంటి పట్టున ఉంటాను, అది బడికి పోతుంది. పని పోతే నేను లారీ ఎక్కాలి, నాతో పాటు అదీ ఎక్కాలి. ఎవరి దగ్గర వదిలిపెట్టి పోను? అందుకే ఆ పూత పెచ్చులు లేస్తే పోయేది రోడ్డొక్కటే కాదని నాకు తెలుసు. పని బాగా లేకపోతే ముందు కర్ర పట్టినవాళ్ళనే పంపించేస్తారు.

సూపర్‌వైజరు కోస్తా మనిషి. "ఎండ ఎంతుంటే అంత త్వరగా ఆరుతుందమ్మా. మీరు నెట్టండి చాలు," అన్నాడు.

"కాలు పెడితే బొబ్బలెక్కే రోడ్డు సార్ ఇది. పోసిందాన్ని పోసినట్లే కాల్చేస్తాది. పైన ఆరుతాది, కింద పట్టుకోదు. ముందు తడపాల," అన్నాను.

"నీకెవరు చెప్పారు?"

"మా యమ్మ."

అందరూ గొల్లుమన్నారు. నవ్వనీ. మా అమ్మ మట్టి నేల అలికేటప్పుడు ముందు నీళ్ళు చల్లకుండా పేడ చేత్తో తాకేది కాదు. ఒకసారి నేను బద్ధకించి ఎండు నేల మీదే అలికితే, రెండో రోజుకే అప్పడాల్లా లేచింది. "నేలకు దప్పిక తీర్చకుండా అలుకుతావేమే, సోమరిదానా!" అని వీపు మీద ఒకటిచ్చింది. ఆ దెబ్బ నాకు ఇంజనీరింగు చదువు కంటే తక్కువదేం కాదు.

ఆ రోజు ఒక బస్టాపులో ఎడమ సగం ఆయన చెప్పినట్టే ఎండు మీద నెట్టాం. కుడి సగం దగ్గర నేను మొండికేశాను. పక్క చేను బోరు దగ్గర బిందెలు నింపుకొచ్చి, ఇంట్లో నేలకు పోసినట్టు ధారాళంగా పోశాను. అక్కడే దెబ్బ తిన్నాను. మట్టి నీళ్ళు తాగుతుంది, తారు తాగదు కదా! పల్లంలో నీళ్ళు నిలిచాయి. పోసిన పూత వాటి మీద తేలి, అంచుకు కారిపోయింది. సాయంత్రమైనా ఆరలేదు. అడ్డం పెట్టిన రాళ్ళు తప్పించుకుని ఒక ఆటో వచ్చి, చక్రాలకు మొత్తం అంటించుకుని పోయింది.

"అలుకు బాగుందే!" అన్నాడు సూపర్‌వైజరు. "రేపట్నుంచి రావద్దు."

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది. తప్పు చేశానని ఏడుపు కాదు. నా మాట నిజమై ఉండి కూడా నా చేతులతో నేనే దాన్ని అబద్ధం చేసుకున్నానే అని.

రావద్దన్నాడు. పొద్దున్నే పోయాను.

"ఏమే, సిగ్గు లేదా నీకు? ఆయప్ప తిడ్తాడే," అంది నాతో పనిచేసే ఆమె.

"సెడగొట్టింది నేను. బాగు సేసే పోతా. అడ్డమొస్తే ఆయప్ప సంగతి నేను సూస్కుంటా. నువ్వు కలుపు," అన్నాను.

పాడైన పూతనంతా పారతో గీకి, ఊడ్చి శుభ్రం చేశాను. ఈసారి బిందె జోలికి పోలేదు. గోనె సంచులు నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, రోడ్డు మీద పరిచి ఈడ్చాను. అరికాలికి చల్లగా తగలాలి, కంటికి నీళ్ళు కనబడకూడదు. ఆ తడి ఆవిరయ్యేలోపే పూత పోసి నెట్టేశాం. మిషను దగ్గర నుంచి సూపర్‌వైజరు అరుచుకుంటూ వచ్చేసరికి పని అయిపోయింది. నల్లబడగానే రాళ్ళు తీసేయమన్నాడు. మడమతో నొక్కి చూశాను, ఇంకా మెత్తగానే ఉంది. "తియ్యను," అని ఆ రాళ్ళ పక్కనే కూర్చున్నాను. తిట్టాడు. తిట్టుకోనీ అనుకున్నాను. చివరికి తలకొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాను.

మరుసటి రోజు ఇంజనీరు వచ్చాడు. ఎడమ సగం మీద బూటు మడమ పెట్టి తిప్పాడు. పూత పొరలు పొరలుగా లేచి వచ్చింది. కుడి సగం మీద తిప్పాడు. కదల్లేదు. వంగి గోరుతో గీకి కూడా చూశాడు.

"ఇది ఎవరు చేశారు?"

"నేనే సార్, దగ్గరుండి చేయించా," అన్నాడు సూపర్‌వైజరు, రెప్ప కూడా వాల్చకుండా.

నోరు మూసుకుని ఉంటే నా పని నాకు ఉండేదేమో. ఉండలేకపోయాను.

"అబద్దం సార్. ఆయప్ప నన్ను రావద్దన్న్యాడు. నేనే వచ్చినా. మొన్న నీళ్ళెక్కువ పోసి సెడగొట్టింది నేనే, నిన్న తడి గోనె ఈడ్చి బాగు సేసిందీ నేనే. రాసుకుంటే రెండూ నా పేరు మీదే రాసుకోండి."

ఇంజనీరు నా కాళ్ళ వైపు, తారు అంటిన గోనె వైపు చూశాడు. "ఆ గోనెలు ఎన్ని కావాలి?" అని అడిగాడు.

వారం తర్వాత మా పల్లె లారీ అదే రోడ్డు మీద గుంటూరు వైపు పోయింది. మూటల మీద కూర్చున్నవాళ్ళు నన్ను చూసి చేతులు ఊపారు. వాళ్ళ మధ్య నా కూతురి ఈడు పిల్లలు ముగ్గురున్నారు. గోనె నీళ్ళలో ముంచి పిండాను. ఆ వేళకు నా కూతురు బడిలో ఉంది.