ఆరో మనిషికి తుపాకి లేదు

జలంధర్‌ను అన్న అని పిలిస్తే పలుకడు. పలుకకుంటే పోనీ, మొఖం మాడ్చుకొని అవుతలికి తిరుగుతడు. మా తెలంగాణ పోరగాండ్లకు నోరు తెరిస్తే అన్ననే గదా! డ్రైవరన్న, మెస్సన్న, ఆఖరికి ఫిలిప్పీన్ సూపర్‌వైజర్‌ను సుత అన్న అనే పిలుస్తరు. వాడు అదే తన పేరనుకొని పలుకుతడు. ఈయనొక్కడే, "పేరు లేదా నాకు? పేరు వెట్టి పిలువు" అంటడు. నాకంటె ఆరేండ్లు పెద్దోడు, పేరు వెట్టి పిలువ నాకు నోరు రాదు. "ఏంది నీ నఖ్రాలు? అన్న అంటే నీ ఆస్తి రాసియ్యమన్నట్టా?" అని ఒకసారి గట్టిగనే అరిచిన. కంచంల అన్నం సగం ఇడిచిపెట్టి లేచిపోయిండు. అప్పటిసంది జలంధర్ భాయ్ అంటున్న. దానికి ఒప్పుకున్నడు.

నా పేరు మొహసిన్. మాది కోరుట్ల. పనికి మనుషులను పంపే కంపెనీల పికప్ బండి నడుపుత. జలంధర్ అదే కంపెనీల స్టోర్ చూస్తడు. ఆయనది గోదారి ఒడ్డు దిక్కు ఊరు. ఖతర్ వచ్చి పంతొమ్మిదేండ్లాయె. క్యాంప్ల ఒకటే రూము మాది, ఆయనది కింది మంచం, నాది పై మంచం. స్టోర్ల గోడమీద ఏ సుత్తె జాగల ఆ సుత్తె బొమ్మ చాక్‌పీసుతోని గీసి పెట్టుకుంటడు. వస్తువు జాగ తప్పితే నిద్రపట్టదు మనిషికి. ఇంకో పిచ్చి సుత ఉన్నది. మోకాళ్ళు కడుపులకు ముడుచుకొని పంటడు, కాళ్ళ దిక్కు మంచం ఖాళీగ ఇడిచిపెడుతడు. ఒకపారి మా రూమోడు నగేష్ అక్కడ కూసుంటే, "లెవ్, అది నీ జాగ కాదు" అన్నడు. ఎవని జాగనో చెప్పలె. నాకు సుత ఆ దిక్కు చూస్తే ఒళ్ళు జలదరించేది, అబద్ధమెందుకు.

శుక్రారం పొద్దుగాల వదినెకు ఫోన్ చేస్తడు. ఆమె పేరు స్వర్ణ. తల్లి చిన్నప్పుడే పోతే ఈయనను సాదింది ఆయన అన్న పెండ్లామైన ఈమెనే. జలంధర్‌కు ఒక చెవి మందం, స్పీకర్ పెట్టే మాట్లాడుతడు, రూమంత ఇంటది. మొన్న జనవరిల ఒక శుక్రారం ఆమె అన్న మాట నేను సుత ఇన్న.

"పక్కింటి రాములవ్వ మంచం పట్టిందిరా. డాక్టర్లు ఇంటికి తీస్కపొమ్మన్నరట. ఒక్కసారి స్వర్ణ మొఖం చూపియ్యుండ్రి అంటున్నదట. నేను పోత? నా పెనిమిటిని పోలీసోళ్ళకు పట్టిచ్చిన నోరది. మన్ను వడనీ ఆ నోట్లె. నేను పోను."

"వదినే..." అన్నడు జలంధర్. "మంచిది, ఉంట మరి" అని ఫోన్ పెట్టేసిండు. పోయి బాత్‌రూంల నల్లా ఇప్పుకొని అర్ధగంట ఎల్లలె. లైన్ల నిలవడ్డోళ్ళందరు తిట్టిండ్రు, నేను సుత తిట్టిన.

ఆ వారమే జపానోళ్ళు సినిమ తీయ వచ్చిండ్రు. అల్ షహానియా దాటినంక, ఒంటెల ఫారాల అవుతల, ఏమీ లేని ఇసుకల టెంట్లు ఏసిండ్రు. యుద్ధం సినిమనట. మా కంపెనీల నుంచి నలభై మందిని తీసుకున్నరు, కొందరు మోతకు, కొందరు సచ్చిపడేటందుకు. సామాన్ చూస్తే మా కండ్లు తిరిగినయ్. బల్లలమీద వరుసగ పొడుగు తుపాకులు, పిస్తోళ్ళు, మూడు కాళ్ళ మిషన్‌గన్, హెల్మెట్లు, వైర్‌లెస్ డబ్బాలు. ఒక పాత లారీ మీద చెక్కపలకలు కొట్టి ట్యాంకు చేసిండ్రు. దూరంకెళ్ళి చూస్తే ఖుదా కసమ్, నిజం ట్యాంకే.

తుపాకులన్నిటికి పెద్ద ఒక ముసలాయన, పేరు మోరి. "అరె, మా ఊర్ల మోరి అంటే మురికి కాలువ!" అని నగేష్ ఇరగబడి నవ్విండు. కాని ఆ మోరి అసుంటి సాఫ్ మనిషిని నేను ఖతర్ల చూడలె. పొద్దుగాల తుపాకులకు దండం పెట్టి పెట్టె తెరుస్తడు. వచ్చీరాని ఇంగ్లీషుల మాకు చెప్పిండు, ఇవన్ని ఉత్తయే అని. ఉరుకుడు, పడుడు ఉన్న సీన్లకు రబ్బరువి. దగ్గరికెళ్ళి తీసేటందుకు ఇనుపవి, కాని వాటి గొట్టం లోపల మూసే ఉంటది, గుండు పోయే దారే లేదు. ట్రిగ్గర్ నొక్కితే కరెంటుతోని మెరుపు మెరుస్తది, అంతే.

స్టోర్ మనిషి కావాలంటే సూపర్‌వైజర్ జలంధర్‌ను ఇచ్చిండు. మొదటి దినం ఆయన తుపాకిని ముట్టలె. రుమాలు అడ్డం పెట్టి లేపిండు. ఒక్కొక్క గొట్టంల ఏలు పెట్టి, మూసి ఉన్నదా అని చూసిండు. "ఏం భాయ్, ఉత్త తుపాకికి గింత భయమా?" అన్న. "ఉత్తదే మొహసిన్, ఉత్తదే సంపుతది" అన్నడు. నేను నవ్విన. ఎంత బేవకూఫ్‌ని నేను!

వారం దినాలల్ల మోరికి కుడిచెయ్యి అయిపోయిండు. కొత్త తుపాకికి చాయ్ నీళ్ళు, నూనె, మట్టి పూసి పాతదాని లెక్క చేసుడు నేర్చిండు. కాని మనిషి చిక్కిపోతున్నడు. అన్నం తింటలేడు, పట్టపగలు ఇసుకల ఎవరినో చూసుకుంట నిలవడుతున్నడు.

పదో దినం మద్యాన్నం సచ్చినోళ్ళ సీను. ఆరుగురిని వరుసగ ఇసుకల పండబెట్టిండ్రు, ఆరో మనిషి మా నగేష్. ఒక్కొక్కని చెయ్యి పక్కన ఒక తుపాకి పెట్టాలె, అది జలంధర్ పని. ఐదుగురికి పెట్టిండు. నగేష్ కాడికొచ్చి నిలవడ్డడు. మేకప్పోళ్ళు నగేష్ కుడిచేతికి కట్టు కట్టి, వేళ్ళ కాడ ఎర్రరంగు పూసిండ్రు. ఆ కట్టు చూసుకుంట అట్లనే నిలవడ్డడు. కెమెరా తయారు, ఎండ పోతున్నది, అసిస్టెంటోడు "యల్లా! యల్లా!" అని మొత్తుకుంటున్నడు. జలంధర్ తుపాకిని కింద పెడుతలేడు.

ఉరికిపోయిన. "ఏమైంది భాయ్? పెట్టు, అయిపోతది."

"వేళ్ళు లెవ్వు మొహసిన్. ట్రిగ్గర్ నొక్కే ఏలే లేదు. ఎట్ల పెట్టాలె?"

నగేష్ లేవబోయి మల్ల పన్నడు. ఇగ ఈయన నౌకరి పోయిందే అనుకున్న. మోరి మెల్లగ వచ్చిండు. జలంధర్ ఆయనకు ఆ కట్టు చూపెట్టి, "ఫింగర్ నో. గన్ నో" అన్నడు. మోరి కట్టు చూసిండు, జలంధర్ మొఖం చూసిండు. ఆయనకు ఏం సమజయిందో నాకు తెల్వదు. రెండు చేతులతోని తుపాకి అందుకొని, డైరెక్టర్ దిక్కు తిరిగి జపాన్ భాషల ఏందో చెప్పి, మాకు ఇంగ్లీషుల అన్నడు, ఈ మనిషికి తుపాకి లేదు అని. తీస్కపోయి బల్లమీద దాని జాగల పెట్టిండు. ఆరో మనిషి ఉత్తచేతులతోనే పన్నడు, సీను అట్లనే తీసిండ్రు.

జలంధర్ నా బండి నీడకు వచ్చి కూలవడ్డడు. ఏడుస్తున్నడు. పంతొమ్మిదేండ్ల సంది ఒక్క చుక్క రాల్చని మనిషి, చిన్నపోరని లెక్క ఏడుస్తున్నడు. అప్పుడు చెప్పిండు.

ఆయన అన్న పేరు మారుతి. భీవండిల సాంచెలు, అంటే బట్ట నేసే మిషన్లు, నడిపేటోడు. సాంచెల వడి కుడిచేతి రెండు వేళ్ళు తెగిపోతే కట్టు కట్టుకొని ఇంటికొచ్చిండు. అప్పుడు మా దిక్కు తుపాకులు పట్టి అడివిల తిరిగే నక్సలైట్లను అన్నలు అంటుండె. అన్నలు వచ్చిండ్రు అంటే ఊరంత తలుపులు ఏసుకునేది. జలంధర్‌కు ఎనిమిదేండ్లు. వదినె బీడీలు అప్పజెప్ప కార్ఖానకు పోయింది. పిలగాడు వాకిట్ల గోటీలు ఆడుతున్నడు. పోలీసు జీపు దిగినోడు బిస్కిట్ పుడ చేతుల పెట్టి అడిగిండు, "మీ ఇంటికి అన్నలొచ్చిండ్రా బిడ్డా?"

"ఆ, వచ్చిండు. ఒక్క అన్ననే. ఇంట్ల పన్నడు" అన్నడట ఈయన. సంబురంగ అన్నడట. దూరదేశంకెళ్ళి అన్న వచ్చిండని ఊరంత చెప్పుకుంట తిరుగుతున్న దినాలు గవి.

చేతి కట్టు చూసి, తుపాకి దెబ్బ ఎక్కడ తాకిందిరా అని గుంజుకపోయిండ్రు. రెండోనాడు పేపర్ల ఫోటో వచ్చింది, కాల్పులు జరిగినయ్ అని. మారుతి ఎల్లెలకల సచ్చి పడి ఉన్నడు. ఆ కట్టు కట్టిన చెయ్యి పక్కన నాటు పిస్తోలు, తపంచ ఉన్నది.

"అన్న మంచం కాళ్ళ దిక్కు వచ్చి కూసుంటడు మొహసిన్. కట్టు ఇప్పుతడు, మల్ల కట్టుకుంటడు. ఒక్కమాట అనడు. తిట్టినా బాగుండు. ఈడ తుపాకులు వచ్చినకాడికెళ్ళి పగటీలి సుత వస్తున్నడు. ఇందాక నగేష్ పక్కపొంట పన్నడు."

"మరి రాములవ్వ?" అన్న.

"ఆ దినం గోడ అవుతల ఉన్నది ఆమె ఒక్కతే. వదినె ఆమెనే అనుకున్నది, ఊరు సుత అదే అన్నది. అప్పటిసంది ఆమె పక్కన కూసొని ఎవ్వలు బీడీలు చెయ్యలె. నేను చూసుకుంట ఊకున్న."

నాకు మండింది. "థూ! ఎనిమిదేండ్లకు తెలువక అన్నవ్, అది తప్పు కాదు. నలభై ఏండ్ల దాక ఎందుకు ఊకున్నవ్? ఆ ముసలామె ఆ నిందతోనే సావాల్నా? చెయ్యి ఫోన్! ఇప్పుడే చెయ్యి!"

"వదినె నాకు ముద్దలు వెట్టి సాదింది. తెలిస్తే నా మొఖం చూస్తదా? నాకు ఇంకెవ్వలున్నరు?"

"చూడకుంటే చూడకపోనీ. చెయ్యి."

చేసిండు. ఆమె ఎత్తంగనే ఆయన ఒక్క ఊపిరిల అనేసిండు. "వదినే, అన్నను పట్టిచ్చింది రాములవ్వ కాదు, నేను. అన్నలొచ్చిండ్రా అని అడిగితే, మా అన్న ఉన్నడని నేనే చెప్పిన."

ఆమె గొంతు వచ్చింది. అది మనిషి గొంతు లెక్క లేదు.

"అదే చెప్పిందిరా రాములవ్వ. ఆ దినమే చెప్పింది. పోరడు తెలువక నోరు జారిండు స్వర్ణా, నేను గోడమీదికెళ్ళి ఇన్న అన్నది. నేను నమ్మలె. పసిపోరని మీద పెడుతవానే అని చీపురుతోని కొట్టిన, మొఖం మీద ఊంచిన. ఇగ మల్ల ఎన్నడు ఆ మాట ఎత్తలె అది. నేను ముప్పై ఒక్క ఏండ్లు తిట్టిన, ఒక్కనాడు నోరు తెరువలె."

ఆమె ఫోన్ పెట్టేయలె. చేతుల ఉన్నదని యాది సుత లేనట్టుంది. వాకిలి దాటిన చప్పుడు, ఎవరిదో తలుపు, ఎవరో ఆడిమనిషి "అయ్యో స్వర్ణక్క వచ్చిందే" అనుడు, అన్ని మాకు ఇనవడుతనే ఉన్నయ్. తర్వాత స్వర్ణ ఏడుపు. "రాములవ్వా, నువ్వే నిజం చెప్పినవే. పోరడే అన్నడట. నన్ను కొట్టవే, కొట్టు."

దగ్గు, ఆయాసం. తర్వాత సన్నగ, ఆగి ఆగి, ముసలామె మాట.

"మెల్లగ అనే స్వర్ణా... జలంధర్ పోరడు ఇంటడేమో. వానికి యాది లేదు, పసోడు. వానికి తెల్వనియ్యకు."

జలంధర్ ఫోన్ నా చేతుల పెట్టిండు. "నువ్వు చెప్పు మొహసిన్, నేను ఇన్న అని ఆమెకు చెప్పు" అన్నడు.

నేనెట్ల చెప్పాలె?