ఇస్త్రీ మామ చెప్పిన కుబుసం మాట

మా వీధి ఇస్త్రీ మామ కూతురి చేతి మీద వేడి పెట్టె పడి మూడేళ్లయింది. కాలినచోట చర్మం ముడతలు పడిపోయింది. పిల్ల ఏడుపు చూడలేక, "ఇది పాము కుబుసం లాంటిదే తల్లీ, నువ్వు ఎదిగే కొద్దీ ఊడిపోతుంది" అనేశాడట మామ. అప్పట్నుంచీ మండుటెండల్లో కూడా ఆ పిల్ల పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటుంది.

మొన్న సెలవుకి మామ, అత్త, పిల్ల ముగ్గురూ పాముల పార్కుకి వెళ్లారు. అక్కడ పాముల్ని ముట్టుకోనిస్తారు. మామ దూరంగా నిలబడితే అత్త ఊరుకుంటుందా? "చూడవే, మీ నాన్న బల్లిలా గోడకి ఎలా అతుక్కున్నాడో!" అంది. పిల్ల పకపకా నవ్వి కొండచిలువ వీపు నిమిరింది. అక్కడ పాముల్ని చూసుకునే పాములాయన అది విడిచిన కుబుసం తెచ్చి చూపించాడు.

పిల్ల గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచింది. "నాదెప్పుడు ఊడుతుంది అంకుల్?"

పాములాయన మామ వైపు చూశాడు. మామ వచ్చి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఊడదమ్మా. నీ ఏడుపు ఆపడానికి అలా అన్నాను."

"మరి రోజూ స్నానం చేసేటప్పుడు అంచు గోకి చూసుకుంటున్నాను కదా నాన్నా. అప్పుడైనా చెప్పలేదేం?"

మామ చొక్కా చేతి మడత దించి గుండీ పెట్టబోతే, పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.