ఎదెల్మిరా చెప్పిన మూడు మాటలు

"ఆపిల్ గింజల్లో విషం ఉంటుంది యస్నా. నమిలితే సైనైడ్ అవుతుంది. అక్కడ బస్తాల కొద్దీ ఆపిల్స్ పోసి ఉంటాయి. పాప ఓ గింజ నోట్లో వేసుకుంటే?"

"దానికింకా పళ్లే రాలేదు," అంది నా భార్య, పాపకి ఉన్ని టోపీ ముడి వేస్తూ. "దేంతో నములుతుంది?"

నేను స్కూల్లో రసాయనశాస్త్రం చెప్పే మేష్టారిని. పాప అమాంకాయ్‌కి ఏడు నెలలు. అది పుట్టినప్పటి నుంచి నేను చదువుకున్న చదువంతా ఒకే పనికి వచ్చింది, కొత్త కొత్త భయాలు కనిపెట్టడానికి. పొయ్యి పొగలో ఏ వాయువులుంటాయో, గోడల చెమ్మకి ఏ బూజు పడుతుందో నాకు తెలుసు. తెలియని మనిషి హాయిగా నిద్రపోతాడు.

ఆ రోజు శనివారం. సోమవారం నుంచి యస్నా మళ్లీ రేవులో టికెట్ల కిటికీ దగ్గర కూర్చోవాలి. ఆ రోజు రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. మా ద్వీపంలో ఉన్న ఒక్క శిశు కేంద్రంలోనూ ఖాళీ లేదు. మిగిలింది కొండ మలుపులో ఉండే ఎదెల్మిరా, అందరూ గౌరవంగా దోన్యా ఎదెల్మిరా అంటారు. పాపను చూసుకుంటానని ఆమే అడక్కుండా చెప్పింది. యస్నా వెంటనే ఒప్పేసుకుంది. నేను మాత్రం ఆలోచించాలన్నాను. ఆలోచించి ఇరవై మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను.

"ఇవాళ వాళ్లింట్లో ఆపిల్స్ దంచుతున్నారు," అంది యస్నా. "పోదాం. ఆవిణ్ణి కళ్లారా చూడు. సాయంత్రంలోగా ఔననో కాదనో చెప్పు. కాదంటే ఉద్యోగం మానేస్తాను. కానీ ఆ మాట నా మొహంలోకి చూసి చెప్పాలి, ఆ కాగితంలోకి కాదు."

దోన్యా ఎదెల్మిరాకి అరవై ఏడేళ్లు. పొట్టి మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. పంతొమ్మిదేళ్లు స్కూలు వంటింట్లో పనిచేసింది. నేను కూడా చిన్నప్పుడు ఆమె వండిన పప్పు తిన్నవాణ్ణే. తినకుండా పళ్లెం తిరిగి ఇచ్చిన పిల్లల్ని ఆమె తిట్టేది కాదు. "ఏం పర్లేదు, కోళ్లకి వేస్తా, అవి నీకంటే తెలివైనవి" అనేది. ఆ మాటతో పళ్లెం ఖాళీ అయ్యేది. ఆరుగురు పిల్లల్ని పెంచింది. ఐదుగురు తలో దిక్కూ పోయారు. పెద్దవాడు నిబాల్దో మాత్రం తల్లితోనే ఉండి పడవలు బాగుచేస్తాడు. ఊళ్లో అతన్ని అందరూ 'ఆపిల్' అని పిలుస్తారు. బుగ్గలు ఎర్రగా ఉంటాయి కాబట్టి అలా పిలుస్తున్నారని నేను ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.

మేం వెళ్లేసరికి కొట్టం ముందు పని జోరుగా ఉంది. చెక్క దోనెలో ఆపిల్స్ పోసి, నిబాల్దో, అతని బాబాయి దోన్ అబెలినో చెరోవైపు నిలబడి పొడవాటి గడలతో దంచుతున్నారు. రసం చింది ఇద్దరి గడ్డాలూ జిగటగా ఉన్నాయి. ఎదెల్మిరా పాపను యస్నా చేతుల్లోంచి అడగకుండానే అందుకుంది, ఒకసారి మెడ వెనక వాసన చూసింది, వంటింట్లో పొయ్యికి దూరంగా ఉన్న ఉయ్యాల తొట్టిలో పడుకోబెట్టింది. పాప రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఇంట్లో దాన్ని నిద్రపుచ్చడానికి నాకు నలభై నిమిషాలు పడుతుంది. నాకు కాస్త కోపం వచ్చింది.

నేను జేబులోంచి కాగితం తీశాను. "దోన్యా ఎదెల్మిరా, మీరు ఏమీ అనుకోకపోతే కొన్ని ప్రశ్నలు..."

"ప్రశ్నలా? పరీక్ష పెడుతున్నావా ప్రొఫె?" ఆమె నవ్వింది. మేష్టార్లని ఇక్కడ అలాగే పిలుస్తారు. "నేను నాలుగో తరగతి దాటలేదు. మర దగ్గరికి రా. ఇక్కడ ఏదైనా చెప్పాలంటే ఆటలోనే చెప్తాం."

మా ద్వీపంలో ఆపిల్ దంచేటప్పుడు ఎవరూ మాట్లాడరు, చప్పుడుకి వినపడదు. పిప్పిని మరలో పోసి పిండేటప్పుడు మాత్రం నోళ్లు ఊరుకోవు. మర కర్ర పట్టుకుని గుండ్రంగా తిరగాలి. ఆ తిరిగేవాణ్ణి తేల్చడానికే ఆట. ఒకరు ఈ ఆకురాలే కాలంలో తమకున్న అలవాట్ల గురించి మూడు మాటలు చెప్తారు. రెండు నిజం, ఒకటి బొంకు. బొంకు ఏదో తప్పు చెప్పినవాడు పది చుట్లు తిరగాలి. అందరూ సరిగ్గా చెప్పేస్తే, చెప్పడం చేతకాని ఆ బొంకులాడే తిరగాలి.

మొదట దోన్ అబెలినో గొంతు సవరించుకున్నాడు. "ఒకటి. చలిగాలి మొదలైతే ఎడమ మేజోడులో వెల్లుల్లి రెబ్బ పెట్టుకుంటా. రెండు. తొలివాన పడ్డ పొద్దున నా భార్యకంటే ముందు గొర్రెల్ని పలకరిస్తా. మూడు. ఈ నెలంతా రోజూ స్నానం చేస్తా."

"మూడు!" అని అందరం ఒక్కసారే అరిచాం.

"తప్పు," అన్నాడు ఆయన గంభీరంగా. "రోజూ చేస్తున్నా. డాక్టరమ్మ చెప్పింది, చర్మానికి."

"అయితే గొర్రెలు," అంది యస్నా.

"ఆ మాట నిజమేనమ్మాయ్. నా భార్యనే అడుగు, పలకరిస్తే తను." ఆయన బూటు విప్పాడు, మేజోడు విప్పాడు. కుడి కాలిది. వెల్లుల్లి రెబ్బ బొటనవేలి పక్కన భద్రంగా ఉంది. "ఎడమ అన్నాను. కుడి. అదీ బొంకు."

"ఇది అన్యాయం," అన్నాను నేను. "అది అబద్ధం కాదు. చిన్న తేడా."

"చిన్న తేడానా? రేపు నువ్వు పడవని ఎడమకి బదులు కుడికి తిప్పు, రాళ్లు చెప్తాయి ఎంత తేడానో," అన్నాడు అబెలినో. "తిరుగు ప్రొఫె."

"మరిది ఏటా ఇదే దొంగాట ఆడతాడు," అంది ఎదెల్మిరా, తనూ కర్ర పట్టుకుంటూ. "పోయినేడు వెల్లుల్లి కాదు, ఉల్లిపాయ."

నలుగురం పది చుట్లు తిరిగాం. బురదలో నా బూట్లు రెండుసార్లు ఊడాయి. చుట్లు అయిపోగానే ఎదెల్మిరా బంగాళాదుంపలు ఉడికాయేమో చూసొస్తానని లోపలికి వెళ్లింది. మేం వచ్చిన దగ్గర్నుంచి అలా వెళ్లడం అది నాలుగోసారి. దుంపలు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో ఇన్నేళ్ల వంటమనిషికి తెలియదా అనుకున్నాను. కాగితం వెనక ఒక మాట కూడా రాసుకున్నాను: మతిమరుపు?

తర్వాత నా వంతు. జాగ్రత్తగా ఆలోచించి, ఏదీ ముందే బయటపడకుండా ఒకే స్వరంతో చెప్పాను. "ఒకటి. పాప గదిలో మూడు థర్మామీటర్లు పెట్టాను. రెండు. పొయ్యిలో పెట్టే ప్రతి కట్టెకీ తడి ఎంతుందో పరికరంతో కొలుస్తాను. మూడు. ఈ కాలం వచ్చిందంటే నాకు..."

"మూడు," అన్నాడు నిబాల్దో.

"నేనింకా చెప్పలేదు!"

"నాకేం భయం లేదు అనబోతున్నావ్."

అదే అనబోయాను. అందరూ మూడే అన్నారు. యస్నా మాత్రం మర్యాదకి ఒక క్షణం ఆగి మూడు అంది. ఒంటరిగా పది చుట్లు తిరిగాను. రసం చిక్కగా, ఎర్రగా కారుతోంది. దోన్ అబెలినో పక్కన నడుస్తూ, గాడిదకి చెప్పినట్టు "హై, హై" అన్నాడు.

చివరికి ఎదెల్మిరా. ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంది, నావైపే చూస్తూ చెప్పింది.

"ఒకటి. నిబాల్దో మూడు నెలల పిల్లాడప్పుడు, ఇలాగే ఆపిల్స్ దంచే రోజున, వాణ్ణి ఆపిల్ బుట్టలో పడుకోబెట్టి మరిచిపోయాను. రెండు. తొలిసారి పొయ్యి రాజేసిన రోజున నా కుర్చీ కాళ్లకి ఉన్ని మేజోళ్లు తొడుగుతా, దానికీ చలేస్తుందని. మూడు. ఆరుగురు పిల్లల్ని పెంచాను, నిద్రపోతున్న బిడ్డకి ఊపిరి ఆడుతోందో లేదో అని ఒక్కసారి కూడా లేచి వెళ్లి చూడలేదు."

మిగతావాళ్లకి అది ఆట. నాకు అది ఇరవై మూడు ప్రశ్నలకీ ఒకేసారి వచ్చిన జవాబు. ఒకటోది బొంకైతే ఈవిడ పిల్లల్ని అసలు కనిపెట్టి చూడదు. మూడోది బొంకైతే పిల్లల్ని బుట్టల్లో మరిచిపోతుంది. రెండోది బొంకైతే రెండు పనులూ చేస్తుంది. రెండోదైనా నిజం కావాలని కోరుకున్నాను.

"పాపను ఒకసారి చూసొస్తాను," అన్నాను.

"కుర్చీని చూడ్డానికి పోతున్నాడు, దొంగాట!" అని అరిచాడు అబెలినో.

వంటింట్లో పాప ప్రశాంతంగా నిద్రపోతోంది. పక్కనే కుర్చీ. నాలుగు కాళ్లకీ నాలుగు మేజోళ్లు, ఒకటి నీలం, మూడు బూడిద రంగు. హమ్మయ్య అనుకుని పొయ్యి వైపు తిరిగాను. పొయ్యి మీద గిన్నె లేదు. బంగాళాదుంపలు తలుపు మూల బస్తాలోనే ఉన్నాయి, బస్తా మూతి కట్టు కూడా విప్పలేదు. ఆ మధ్యాహ్నమంతా ఆమె చూసొచ్చిన దుంపలు ఇవేనా? ఆ సంగతి నాకు అంతు పట్టలేదు. నా బుర్రంతా బుట్ట మీదే ఉంది.

బయటికొచ్చి నిబాల్దోని పక్కకి లాగాను. "నిజం చెప్పు. నిన్ను బుట్టలో మరిచిపోయారా?"

"నాకేం తెలుసు ప్రొఫె? నాకప్పుడు మూడు నెలలు."

ఏ తల్లీ కొడుకుని ఆపిల్స్‌లో మరిచిపోదు. లెక్క ప్రకారం ఒకటోదే బొంకు. అంత గట్టిగా చెప్పిన మూడో మాట నిజమే అయ్యుంటుంది. "ఒకటి," అన్నాను.

"మూడు," అన్నారు మిగతా ముగ్గురూ. యస్నా కూడా.

"వీణ్ణి ఊరంతా ఆపిల్ అని ఎందుకంటారనుకున్నావ్?" దోన్ అబెలినో నవ్వాపుకోలేక గుంజకి ఆనుకున్నాడు. "దోనెలో పోయబోయింది నేనే కదా! బుట్ట ఎత్తాను. ఇదేంటి వదినా, ఈ బుట్ట ఇంత బరువుంది అన్నాను. బుట్ట తుమ్మింది!"

నిబాల్దో బుగ్గలు మరింత ఎర్రబడ్డాయి. ఈ కథ అతను ఏటా వింటున్నాడని తెలుస్తూనే ఉంది. యస్నా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఎదెల్మిరా కూడా నవ్వింది, కానీ అందరికంటే ముందు ఆపేసింది.

నేను కర్ర పట్టుకున్నాను. నాతో పాటు ఆమె కూడా పట్టుకుంది, ఓడిపోకపోయినా.

"నలభై ఒక్కేళ్లయింది ప్రొఫె," అంది, నాకొక్కడికే వినపడేట్టు. "తర్వాత ఐదుగురిని కన్నా. ఐదుగురి ముక్కుల కిందా చెంచా పెట్టి చూశా, ఆవిరి పడుతుందా అని. పగలు చూశా, తెల్లవారుజామున చూశా. స్కూల్లో పిల్లలు బల్ల మీద తల పెట్టి కునుకు తీస్తే చూశా. వీడికి నలభై దాటాయి. మధ్యాహ్నం వీడు కునుకు తీస్తే ఇప్పటికీ చూస్తా."

"నిజమే, చూస్తుంది," అన్నాడు నిబాల్దో వెనకనుంచి. మేం అనుకున్నంత మెల్లగా మాట్లాడటం లేదు. "కళ్లు తెరిస్తే మొహం మీద చెంచా ఉంటుంది. పెళ్లెందుకు చేసుకోలేదని అడుగుతారు నన్ను!"

"మరి దుంపలు?" అన్నాను.

"ఏ దుంపలు?" అంది ఆమె. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నాలిక కరుచుకుంది. "అయ్యో, పొయ్యి మీద పెట్టనే లేదు. ఇక సాయంత్రం తిండేంటి?"

ఏడోసారి లోపలికి పోయింది, ఈసారి నిజంగా దుంపల కోసమే. నేను కాగితం తీసి చూశాను. రసం పడి సిరా అంతా అలుక్కుపోయింది. ఐదో ప్రశ్న మాత్రం కనపడుతోంది: పాప నిద్రపోతున్నప్పుడు ఎన్ని నిమిషాలకోసారి చూస్తారు? ఆ మధ్యాహ్నం మూడు గంటల్లో ఆరుసార్లు. నేను ఇంట్లో అంతకంటే ఎక్కువే చూస్తాను. అయినా ఆమె మొహం నా మొహంలా పాలిపోయి ఉండదు. అదెలాగో నాకు అర్థం కాలేదు.

యస్నా వచ్చి నా ఎదురుగా నిలబడింది. మొహంలోకి చూసింది.

"ఔను," అన్నాను. "సోమవారం ఏడున్నరకి తీసుకొద్దాం."

దుంపల తొక్క తీసే కత్తితోనే ఎదెల్మిరా బయటికొచ్చింది. నేను అడిగేశాను. "దోన్యా, అన్నిసార్లు భయపడుతూ లేచి చూస్తే అలసిపోరా? మీకు పిచ్చెక్కలేదా?"

"ఎక్కింది, మొదటి ఏడాది," అంది. "పక్కన కూర్చుని చూస్తూనే ఉండేదాన్ని. మా అత్త తిట్టింది. చూడొద్దని కాదు తిట్టింది. చేతులూపుకుంటూ పోతున్నానని."

ఇప్పుడు మా ఇంట్లో పాప నిద్రపోయినప్పుడల్లా నేను వెనక తలుపు తీసి కట్టెల కుప్ప దగ్గరికి వెళ్తాను. ఈ చలికాలం మా పొయ్యి ఒక్క పూట కూడా ఆరలేదు. థర్మామీటర్లు మూడూ ఎక్కువే చూపిస్తున్నాయి, యస్నా చేతులు లేని బనీనుతో తిరుగుతోంది. ఆ రోజు ఎదెల్మిరా నాకు చెప్పింది ఇంతే:

"చూడు ప్రొఫె. ఎన్నిసార్లు చూడాలనిపిస్తే అన్నిసార్లు చూడు, ఎవరొద్దన్నా వినకు. కానీ ఉత్త చేతుల్తో పోకు. పోయేటప్పుడు ఓ కట్టె పట్టుకుపో. బిడ్డ ఊపిరి చూడు, కట్టె పొయ్యిలో పెట్టు, వచ్చెయ్. అక్కడ కూర్చోకు."