నాగావళి వంశధారను మింగిన మధ్యాహ్నం

మా మేనమామ కొడుకు, నేను కలిసి చేసిన మొదటి పని అరసవల్లిలో ఒక లాడ్జికి. గదులు బుక్ చేసే ప్రోగ్రాం నేను పీహెచ్‌పీలో రాశాను. ఏ గది ఖాళీయో బయట టీవీలో చూపించేది బావ పైథాన్‌లో రాశాడు. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, ఎవరి భాష వాళ్లకి గొప్ప. మధ్యలో క్యాష్ ఉండేది, అంటే డబ్బు కాదు, వివరాలు కాసేపు దాచుకునే అర. గదుల వివరాలు నేను మూటకట్టి అందులో పడేస్తే, బావ విప్పి చూసుకోవాలి.

లాడ్జి షావుకారుకి అప్పటిదాకా గోడ మీది మేకుల చెక్కే దిక్కు. మేకుకి తాళం వేలాడితే గది ఖాళీ.

"రేపు రథసప్తమి. మీ టీవీ ఒక్క అబద్ధం సెప్పినాదంటే మల్లీ నా మేకులే," అన్నారాయన.

ఈ పని పోతే ఊళ్లో ఇంకెవరూ పిలవరు. ఇద్దరం వేరే వేరే ఊళ్లలో ఉద్యోగాలు వెతుక్కోవాలి. ఆ 'వేరే వేరే'కే నాకు గుండెల్లో గుబులు.

మధ్యాహ్నం గదులకు అసలు పేర్లు ఎక్కించాం. షావుకారుకి నంబర్లు నచ్చవు, అన్నీ నదుల పేర్లే. టీవీలో నాగావళి వచ్చింది, వంశధార మాయం.

"ఏటమ్మా, వంశధార ఏటైపోనాది?"

"నాగావళికి వరదొచ్చినాది బాబూ," అన్నాడు బావ. నాకు నవ్వాగలేదు. షావుకారుకి రాలేదు.

తీరా చూస్తే, నా పీహెచ్‌పీ ప్రతి పేరు ముందూ దాని పొడవును బైట్లలో రాస్తుంది. విప్పే కోడ్ సొంతంగా రాసుకున్న బావ ఆ అంకెను అక్షరాల లెక్క అనుకున్నాడు. ఇంగ్లీషులో అక్షరానికి ఒక్క బైటే కాబట్టి, ఆ పేర్లతో పరీక్షించినంతకాలం రెండూ ఒకటే. తెలుగులో ఒక్కో గుర్తూ మూడు బైట్లు తింటుంది. నాగావళి దగ్గర ఆగాల్సిన మనిషి వంశధారలోకి దిగిపోయాడు.

"ఒసే, నీ మూటే వంకర!"

"విప్పడం రానోడికి ప్రతి మూటా వంకరే బావా!"

కాసేపు కొట్టుకుని, చివరికి రోషం దిగమింగి, మూటకట్టే పద్ధతిని రెండు భాషలకూ తెలిసిన జేసన్‌లోకి మార్చాం. నదులన్నీ వరసగా టీవీలోకి వచ్చేశాయి. సిగ్గు లేకుండా లాడ్జి మెట్ల మీద గంతులేశాను.

మర్నాడు అంత జనంలోనూ టీవీ ఒక్క అబద్ధం ఆడలేదు. సాయంత్రం షావుకారు మేకుల చెక్క ఊడబీకి మా చేతుల్లో పెట్టారు.

"నాకెందుకింక? అట్టుకెలిపోండి."

"ఎవరింటికి?" అన్నాను, బావనే చూస్తూ. బావ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ చెక్క ఇప్పుడు మా గుమ్మం పక్కనే ఉంది. దాని మీద ఇద్దరి బళ్ల తాళాలూ, ఒకే ఒక్క ఇంటి తాళం.