తలుపు బయటి గొంతు

ఆ మధ్యాహ్నం మా ఇంటికి తాళం వేసి లేదు. నేను లోపలే ఉన్నాను.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు కింద ‘చదువు సాగలేదు’ అని మాత్రం రాసి మూసేశాను. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నాను. ఎవరింట్లోనో పెళ్ళికి వెళ్ళి నవ్వుతుంటాను, ఎవరో తలుపు కొడతారు, నా నవ్వు ఆగిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. మీరు అడగకపోయినా మీకు చెప్తున్నాను.

మాది కడప వైపు. నాన్న ఉద్యోగం వల్ల తార్నాకలో అద్దెకుండేవాళ్ళం. నేను క్యాంపస్‌లో ఎమ్మే చదువుతున్నాను. ఉద్యమం రోజులు. క్లాసులు జరిగిన రోజులకంటే జరగనివే ఎక్కువ. నాకు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు స్వరూప. వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె, వ్యవసాయం. హాస్టల్లో ఉండేది. ఊరేగింపుల్లో ముందు నడిచేది. నేను పుస్తకం చాటున కూర్చుంటే, నన్ను పలకరించాలంటే ముందు పుస్తకం తలుపు కొట్టాలి అని ఎగతాళి చేసేది. ఆంధ్రోళ్ళ పిల్లతో నీకేం దోస్తీ అని ఎవరో అడిగితే, గీమె ఏ ప్రాంతంల ఉండదు, పుస్తకాలల్ల ఉంటది అందట. అది నాకు చెప్పి తనే పగలబడి నవ్వింది.

ఆ రోజు క్యాంపస్‌లో లాఠీచార్జి అయింది. బాష్పవాయువు వాసన మా సందు దాకా వచ్చింది. నాన్న కిటికీలన్నీ మూశాడు. అప్పుడు తలుపు చప్పుడైంది.

“పిల్లా, నేనే. జర తలుపు తియ్యవే. కండ్లు మండుతున్నయ్. ఒక మూలకు కూసుంట, చప్పుడు చెయ్య.”

నాన్న నా వైపు చూశాడు. “గమ్మునుండు. వాకిలి తీయాకు” అన్నాడు మెల్లగా. నాన్న చెడ్డవాడు కాదు. పోలీసులు వెనకాలే వస్తారని భయం. మేం ఎక్కడివాళ్ళమో సందులో అందరికీ తెలుసన్న భయం. నాన్న వద్దన్నాడు కాబట్టే తీయలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమా? ఆ మాట అని నాన్న, లోపలి గదిలో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. గొళ్ళెం నా చేతికి అందుతూనే ఉంది. స్వరూప ఇంకా పిలుస్తూనే ఉంది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తర్వాత సందులో బూట్ల చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఆమె కుడి మణికట్టు విరిగింది. మళ్ళీ కలిసినప్పుడు, మీ ఇంటికి వచ్చి తలుపు కొట్టినా అని చెప్పింది. ఆ రోజు అందరం కాచిగూడలో చుట్టాలింటికి వెళ్ళామని అన్నాను. అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకే తెలియదు. పోనీ మంచిదైంది, ఉంటే నువ్వు భయపడి సచ్చేదానివి అని నన్నే ఓదార్చింది. ఆమె చెయ్యి కుదిరేదాకా నోట్సు నేనే రాసిపెట్టాను. ఎంత మంచిదానివే అనేది. అనొద్దని చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లోనే ఒక పత్రిక సైన్సు కథలు కావాలని అడిగింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు నవలలు చదవడం తప్ప ఆ రకం కథ ఎలా రాస్తారో నాకేం తెలుసు? అయినా అంతరిక్షంలో జరిగే భయం కథ రాయాలనిపించింది. మొదట ఓడలోకి కాళ్ళు, కోరలు ఉన్న జంతువును తెచ్చాను. నాకే భయం వేయలేదు. రెండు తలుపుల మధ్య ఉండే గదిని ఏమనాలో తెలియక వసారా అని రాశాను. కొట్టేశాను, మళ్ళీ రాశాను. చివరికి జంతువును తీసేసి, మూసిన తలుపు బయట ఒక గొంతును పెట్టాను. శూన్యంలో శబ్దం వినపడదని తెలుసు. రేడియోలో వినిపించినట్టు మార్చాను కానీ ఆ గొంతును తీసేయలేకపోయాను. ఓడను బాగు చేయడానికి బయటికి వెళ్ళిన మనిషి గొంతుతో ఏదో పిలుస్తుంది. అది మనిషి కాదు, తీయొద్దు అంటాడు కెప్టెన్. వాళ్ళు తీయరు. నా కథలో వాళ్ళు చేసింది సరైన పని.

ఓడలోని వాళ్ళంతా పుస్తకాల తెలుగు మాట్లాడారు. అది మా ఇంటి మాట కూడా కాదు. బయటి పిశాచానికి మాత్రం స్వరూప మాట పెట్టాను. ఆలోచించి చేయలేదు. సినిమాల్లో చూసీ చూసీ, భయపెట్టేవాళ్ళు అలాగే మాట్లాడతారని చేతికి అలవాటైపోయింది. ఆలోచించకుండా చేస్తే తప్పు తగ్గుతుందా? ఇంకా పెరుగుతుందేమో. “కండ్లు మండుతున్నయ్. ఒక మూలకు కూసుంట, చప్పుడు చెయ్య.” ఒక్క అక్షరం మార్చలేదు. అంతకంటే భయపెట్టే మాట నాకు తెలియదు.

కథ అచ్చయింది. నేను చూపించకపోయినా స్వరూప లైబ్రరీలో చదివింది. తలుపు కొట్టానని నాకు చెప్పింది గానీ, ఏమని పిలిచిందో ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాటలు లోపల ఉన్నవాళ్ళకే తెలుస్తాయి.

లైబ్రరీ మెట్ల మీద నా పక్కన కూర్చుంది. పత్రిక ఒళ్ళో పెట్టుకుంది. కాచిగూడ సంగతి ఎత్తుతుందని ఎదురుచూశాను. ఎత్తలేదు. నేనైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు, రెండోసారి కూడా. ఆ తర్వాత క్లాసులో వేరే వరసలో కూర్చుంది. చదువు అయిపోయింది. రాష్ట్రం వచ్చింది. ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.

ఇది చదివి మీరు నన్ను క్షమించాలని రాయలేదు. అది మీ చేతిలో లేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

ఆ రోజు లేచి వెళ్ళేముందు, ఆ పత్రిక నా చేతిలో పెట్టి స్వరూప అన్నది ఇదే:

“కథ మంచిగనే ఉన్నది. లోపలున్నోళ్ళందరికీ పేర్లు పెట్టినవ్. బయటున్నదానికి గూడ ఒకటి పెట్టాల్సుండె.”